రెండు గొట్టాల రెగ్యులేటర్, ఏడు నిలువుల బావి

కరోనా తగ్గిన తర్వాతి ఏడు. మా అనంతపురం పక్క నేలకు అలవాటు లేనంత వాన పడింది. కదిరి చుట్టుపక్కల ఏళ్ల తరబడి ఎండిపోయి, లోపల తుమ్మచెట్లు మొలిచిన బావుల్లోకి నీళ్లొచ్చాయి. ఆ ఏడే నా అంగడికి ఒక డైవింగ్ రెగ్యులేటర్ రిపేరుకు వచ్చింది. సముద్రంలో మునిగి పనిచేసేవాళ్లు వీపున గాలి సిలిండర్ కట్టుకుంటారు కదా, ఆ గాలిని నోటికి అందించే సామాను అది. అటువంటిది కదిరికి వచ్చిందంటే ఇప్పటికీ కొందరు నమ్మరు.

నా పేరు హుసేనమ్మ. బస్టాండుకు కొంచెం ఇవతల మా నాయన పెట్టిన అంగడి నడుపుతున్నాను. వెల్డింగ్ వాళ్ల ఆక్సిజన్ రెగ్యులేటర్లు, ఆసుపత్రి సిలిండర్ల మీది ఫ్లోమీటర్లు, ఆపరేషన్ గదుల్లో మత్తు ఇచ్చే మిషన్ల గొట్టాలు, ఇంటి స్టవ్వులు, ఇవీ నా పనులు. మా ఆయన దస్తగిరి ఆటో నడుపుతాడు. కొత్తగా వచ్చినవాళ్లు నన్ను చూసి "మేస్త్రీ లేడా?" అని అడుగుతారు. "ఉండాడు, నీ ఎదురుగానే ఉండాడు, చెప్పు" అంటాను. కొందరికి నవ్వొస్తుంది, కొందరికి కోపమొస్తుంది. ఎవరికేమొచ్చినా సామాను మాత్రం ఇచ్చి పోతారు.

రెగ్యులేటర్ చేసే పని చెప్పాలంటే పెద్ద కష్టం లేదు. సిలిండర్లో గాలిని అణిచిపెట్టి నింపుతారు. దాన్ని ఉన్నదున్నట్టు వదిలితే మనిషి ఊపిరితిత్తులు చీలిపోతాయి. దాన్ని తగ్గించి, పీల్చినప్పుడు పీల్చినంత మాత్రమే ఇవ్వాలి. లోపల డయాఫ్రమ్ అని గుండ్రటి రబ్బరు పొర ఉంటుంది. మనం పీలిస్తే అది లోపలికి వంగి ఒక చిన్న మీటను నొక్కుతుంది, గాలి వస్తుంది. పీల్చడం ఆపితే వెనక్కి పోతుంది, గాలి ఆగుతుంది.

ఆ సోమవారం పొద్దున అరవై అయిదేళ్ల మనిషి ఒకాయన గోనెసంచి మోసుకొచ్చాడు. పొట్టి మనిషి, వెడల్పాటి రొమ్ము. మేస్త్రీ లేడా అని అడగలేదు. అందుకు అప్పుడే ఆయన నాకు నచ్చాడు.

"గాలి సామాన్లు చేస్తావంట గదమ్మా. ఇది చూడు."

సంచిలోంచి చిన్న పళ్లెమంత గుండ్రటి ఇత్తడి పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. దానికి రెండు పక్కలా ముడతల రబ్బరు గొట్టాలు, రెండూ కలిసేచోట నోట్లో కరిచిపట్టుకునే ముక్క. గొట్టాలు పగిలిపోయాయి. ఇత్తడంతా పచ్చగా చిలుము పట్టింది.

"ఏందన్నా ఇది?"

"నీళ్లలో ఊపిరి తీసుకునేది. పెట్టె మెడ వెనక ఉంటాది. కుడి గొట్టంలో గాలొస్తాది, ఎడమ గొట్టంలో పోతాది. ఇప్పుడు ఇట్లాంటివి యాడా లేవు. మ్యూజియంలో పెడ్తాండారు."

"మరి నువ్వు దీన్నెత్తుకోని యాడ దిగుతావు? కదిరిలోనా?" నాకు నవ్వాగలేదు.

ఆయన నవ్వలేదు. "మా ఊరి బావిలో" అన్నాడు.

ఆయన పేరు ఓబులేసు. గోరంట్ల దారిలో పల్లె. వయసులో ఉన్నప్పుడు పని వెతుక్కుంటూ మంగళూరు పోయి, ఓడల అడుగు భాగం గీకే పనికి కుదిరి, అక్కడే డైవర్ అయ్యాడు. కొత్త రకం సెట్లు వచ్చాక, పాతదాన్ని పారేయబోతున్న కాంట్రాక్టరును అడిగి తెచ్చుకున్నాడు. పని మానేసి ఊరికొచ్చాక అది ఇంట్లో గోడకు వేలాడుతూ ఉండిపోయింది.

అసలు సంగతి తర్వాత చెప్పాడు. వాళ్ల పల్లెలో పీర్ల పండగ హిందువులు, తురకలు కలిసి చేస్తారు. ఇత్తడి చేతి ఆకారంలో ఉండే పీర్లను గుడ్డలు చుట్టి, పూలు కట్టి ఊరేగించి, చివరి రోజు జలధి చేస్తారు, అంటే నీళ్లలో కడిగి పెట్టెలో దాచేస్తారు. పెద్ద పీరును ఎత్తుకునేది తాతల నాటి నుంచి ఓబులేసు ఇంటివాళ్లే. ఆ ఏడు ఎత్తుకున్నది ఆయన తమ్ముడు నరసింహులు.

"ఇన్నేండ్లూ బావిలో నీళ్లు ల్యా. ట్యాంకరు నీళ్లు బిందెలో తెచ్చి కడిగేవాళ్లం. ఈ ఏడు బావి నిండినాది గదా, మెట్లు దిగి కడుగుదామన్నారు. పాకుడు పట్టిన మెట్టు. పాకుడంటే ఏందో మావోళ్లు మర్చిపోయినారమ్మా. వీని కాలు జారినాది. వీణ్ణి పట్టుకోని లాగినారు. సామి మాత్రం లోపలికి పాయ."

"పాతాళగరిగె వేసి చూసినారా?" బావిలో పడిన చేదలను పట్టి తీసే కొక్కేల గుత్తి అది.

"వేసినారు. కిందంతా రాళ్లు, పాత మోటరు పైపులు. ఏసినప్పుడల్లా పైపులే వస్తాండాయి."

"మోటరు పెట్టి తోడేస్తే?"

ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "ఇన్నేండ్లకొచ్చిన నీళ్లమ్మా. తోడేయమని ఏ నోటితో చెప్పేది?"

నాకు సిగ్గేసింది. నేనూ ఈ నేల మీద పుట్టినదాన్నే. ట్యాంకరు వెనక బిందె పట్టుకుని పరిగెత్తి పెరిగినదాన్నే. అయినా నోరు ఊరుకోక, "ఎండాకాలం దాకా ఆగితే అవే తగ్గుతాయి గదన్నా" అన్నాను.

"నీళ్లు తగ్గుతాయి. వాడు ఆగాల గదా." గొట్టం ముడతల్లోని మట్టి గోటితో గీకుతూ చెప్పాడు. "ఊర్లో ఒక్కరూ వాణ్ణి ఒక్క మాట అన్లేదు. అనింటే బాగుండు, ఏడ్చి ఊరుకునేవాడు. పొద్దున లేచినకాడి నుంచి బావి గట్టు మీద కూచోనుంటాడు. పిలిస్తే పలకడు. నాకు భయమైతాండాది హుసేనమ్మా. వాడు కూడా దాంట్లోకే పోతాడేమోనని."

అంతవరకూ ఆ ఇత్తడి పెట్టె నాకు ఒక వింత సామాను. ఆ మాటతో నాకూ భయమేసింది. కానీ నిజం చెబుతున్నా, భయం కంటే దాన్ని విప్పి చూడాలనే ఆశే ఎక్కువగా ఉండింది.

విప్పడానికే ఒక రోజు పట్టింది. మరలు ఉప్పుకు బిగుసుకుపోయి ఉన్నాయి. ఇత్తడి భాగాలన్నీ చింతపండు నీళ్లలో నానేసి తోమాను. డయాఫ్రమ్ అప్పడంలా విరిగింది. నా దగ్గరున్న గుడ్డ కలిసిన రబ్బరు షీటులోంచి కొత్తది కోశాను. గొట్టాలకు వెతుక్కోనక్కరలేదు, మత్తు మిషన్ల ముడతల గొట్టాలు సరిగ్గా అదే కొలత. సిలిండర్‌కూ పెట్టెకూ మధ్య ఒక గేజీ కూడా బిగించాను, గాలి ఎంత మిగిలిందో చూసుకోవడానికి. కొంచెం సిలికాన్ గ్రీజు రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం ప్రాణం ఒప్పలేదు. ఆక్సిజన్ సామానుకు జిడ్డు తగిలితే అంటుకుని పేలుతుంది. నూనె చేతులతో వస్తే మా నాయన చేతి మీద కొట్టేవాడు. ఇది ఉత్త గాలి, ఆక్సిజన్ కాదు అని పదిసార్లు చెప్పుకుని రాశాను.

ఇంక మిగిలింది ఎగ్జాస్ట్ వాల్వు. మనం వదిలిన ఊపిరి బయటికి పోయే దారి అది. ఆ పెట్టెలో దాన్ని డక్‌బిల్ అంటారు, బాతు ముక్కులా రెండు రబ్బరు పెదవులు. ఊదితే తెరుచుకుంటాయి, లేకపోతే అతుక్కుని నీళ్లు రానివ్వవు. అది ముట్టుకుంటేనే పొడిపొడి అయింది. విదేశం నుంచి తెప్పించాలంటే నెలన్నర అన్నారు. ఫోన్లో ఒక తెల్ల ముసలాయన ఇట్లాంటి పాత రెగ్యులేటర్ బాగుచేసే వీడియో ఉంది. ఆయన ఆ బాతు ముక్కు గురించే పావుగంట మాట్లాడుతుంటే విసుగొచ్చి ముందుకు జరిపేశాను.

నాకు అప్పుడు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఆసుపత్రి మాస్కులన్నిటికీ ఊపిరి వదిలే వాల్వు ముఖం దగ్గరే ఉంటుంది. ఈ పెట్టెలో మాత్రం నోటి దగ్గర వదిలిన ఊపిరిని ఎడమ గొట్టంలో అంత దూరం వెనక్కి తీసుకుపోయి, డయాఫ్రమ్ పక్కన బయటికి వదులుతున్నారు. ఎందుకింత చుట్టుతిరుగుడు? పాత కాలపు వాళ్లకు తెలిసుండదు అనుకున్నాను. మాస్కు వాల్వు ఒకటి తీసి నోటి ముక్కకే బిగించి, వెనక దారి మూసేశాను. ఎడమ గొట్టం అలంకారానికి మిగిలింది.

ఓబులేసన్న మంగళూరులోని పాత స్నేహితుడి దగ్గర రెండు సిలిండర్లు శుభ్రమైన గాలి నింపించుకుని తెచ్చాడు. మా అంగడి స్టూలు మీద కూర్చుని, నోట్లో పెట్టుకుని పావుగంట పీల్చాడు. "పాతదాని కంటే హాయిగా ఉండాదమ్మా" అన్నాడు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మరునాడు దస్తగిరి ఆటోలో సిలిండర్లు వేసుకుని పల్లెకు పోయాం. నలుచదరం రాతి బావి, ఒక పక్క మెట్లు. ఏడు నిలువుల నీళ్లు, అంటే ఏడుగురు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడేంత లోతు. ఊరంతా చేరింది. నరసింహులు గట్టు మీద మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడని చూడగానే తెలుస్తోంది.

ఓబులేసన్న నడుముకు తాడు కట్టుకుని మెట్లు దిగాడు. మెడ దాకా దిగి తల ముంచాడో లేదో, నోటి దగ్గర బుడగలు మొదలయ్యాయి. ఆయన ఊదకుండానే, పీల్చకుండానే గాలి బుసబుసా పోతూనే ఉంది. పైకొచ్చి, విదిలించి, మళ్లీ మునిగాడు. మళ్లీ అదే. మూడోసారికి సిలిండర్లో సగానికి పైగా గాలి నీళ్లపాలైంది.

"వంగితే ఆగుతాండాది, నిలబడితే పోతాండాది" అన్నాడు రొప్పుతూ.

గుంపులోంచి ఎవరో, "స్టవ్వులు చేసుకునే ఆమెకు ఇవన్నీ యాల?" అన్నారు. నాకు మండింది. కానీ అన్నది నిజం. అప్పుడు నరసింహులు లేచి వచ్చి, అన్న చేయి పట్టుకున్నాడు.

"వద్దులే అన్నా. నా మూలంగా నీకేమన్నా అయితే నేనెట్ల బతికేది?"

ఎన్ని రోజుల తర్వాత మాట్లాడాడో, ఆ మాట మాట్లాడాడు. నేను అక్కడ నిలబడలేక ఆటోలోకి పోయి కూర్చున్నాను. దారి పొడుగునా దస్తగిరి మీద అరిచాను. ఆయన పాపం గుంతలు చూసుకుంటూ నడిపాడు.

ఆ తర్వాత రెండు రోజులూ ఒకటే ప్రశ్న. స్టూలు మీద పావుగంట మర్యాదగా పనిచేసినది నీళ్లలో ఎందుకు తిరగబడింది? పైగా వంగితే ఎందుకు ఆగింది? మూడో రోజు మా అంగడి పక్క స్థలంలో పునాది మట్టం చూస్తున్నారు. మట్టం చూడటానికి వాళ్లు నీళ్లు నింపిన సన్నటి పారదర్శక గొట్టం వాడతారు. ఒకడు ఆ కొస, ఒకడు ఈ కొస పట్టుకోవాలి. ఈ కొస పట్టుకున్నవాడు ఫోను మోగిందని చేయి కొంచెం కిందికి దించాడు. జానెడు దించినందుకే నీళ్లు బుళుక్కున వాడి కాళ్ల మీద పడ్డాయి. నేను స్క్రూడ్రైవర్ కింద పెట్టి లేచాను.

ఇంటి వెనక సిమెంటు తొట్టి నింపి, అంగడి కంప్రెసర్ తగిలించి, పెట్టెను నీళ్లలో ముంచాను. నోటి ముక్కను పెట్టె కంటే జానెడు పైకెత్తితే బుసబుసా గాలి. జానెడు కిందికి దించితే నిశ్శబ్దం. మళ్లీ పైకి, మళ్లీ కిందికి. ఎన్నిసార్లు చేశానో తెలియదు, చీర నడుము దాకా తడిసింది. నాకైతే పండగలా ఉంది.

సంగతి ఇది. మనిషి నిలబడితే పెట్టె మెడ వెనక, నోటి కంటే కిందుగా ఉంటుంది. నీళ్లలో కిందికి పోయేకొద్దీ బరువు ఎక్కువ. డయాఫ్రమ్ తన మీద ఎంత నీళ్ల బరువు ఉంటే అంత బలంతో గాలి పంపుతుంది. నోటి దగ్గర ఒక జానెడు బరువు తక్కువ కాబట్టి, ఆ గాలి నేను పెట్టిన వాల్వును తోసుకుని పోతూనే ఉంటుంది. దీన్ని ఫ్రీ ఫ్లో అంటారట. ఊపిరి వదిలే దారి కూడా డయాఫ్రమ్ పక్కనే ఉంటే, రెండిటి మీదా ఒకే బరువు, ఏ గొడవా లేదు. ఎడమ గొట్టం అంత దూరం వెనక్కి పోయేది అందుకే. గాలిలో జానెడు ఎత్తుకు తేడా ఏమీ ఉండదు. నేను పుట్టి బుద్ధెరిగి ఏ సామానునూ నీళ్లలో పరీక్షించినదాన్ని కాదు. నీళ్లు ఉంటే కదా.

డక్‌బిల్ నేనే చేశాను. కొత్త సైకిల్ ట్యూబు ముక్క కోసి, పెదవులు రెండూ కాగితమంత పలచగా అయ్యేదాకా అరగదీసి, డయాఫ్రమ్ పక్కన దాని చోట దాన్ని కట్టాను. ఆరు చేసి అయిదు పారేశాను. ఆరోది సన్నగా ఊదితే తెరుచుకుంది, ఎంత పీల్చినా తెరుచుకోలేదు.

ఓబులేసన్నను పిలిపించి, "తప్పు నాదన్నా. తెలివి ఎక్కువై చేసినా" అని చెప్పాను.

"నేను మాత్రం? అన్నేండ్లు తగిలించుకున్నా, ఒక్కనాడన్నా విప్పి చూసినానా?" అన్నాడు. తర్వాత తొట్టి వైపు చూసి, "దీంట్లో నేను పట్టనే" అని మొదటిసారి నవ్వాడు. దస్తగిరికి తెలిసినవాళ్ల తోటలో పెద్ద నీళ్ల సంపు ఉంది. మొదటి సిలిండర్లో మిగిలిన గాలితో అక్కడ నిలబెట్టి, వంచి, పడుకోబెట్టి చూశాం. మెడ వెనక నుంచి, ఆయన వదిలినప్పుడు మాత్రమే బుడగలు.

ఉన్నది ఇంక ఒక్క సిలిండర్. ఆ లోతులో అది అరగంటకు మించి రాదు.

ఈసారి ఎవరికీ చెప్పకుండా పోదామనుకున్నాం గానీ పల్లెలో అది కుదిరే పని కాదు. నరసింహులు గట్టు మీదే ఉన్నాడు. ఓబులేసన్న నడుము తాడు నేను పట్టుకున్నాను. ఒకసారి లాగితే బాగున్నట్టు, వరసగా లాగితే పైకి లాగమని. చేతికి ఇంకో సన్నటి తాడు చుట్టుకుని, తల ముంచి, మెట్లు దాటి కనిపించకుండా పోయాడు.

ఆక్సిజన్ రెగ్యులేటర్ బాగుచేసి పంపితే, అది ఏ ఊళ్లో ఏ మంచం పక్కన ఉందో నాకు తెలియదు. రాత్రికి అన్నం తిని నిద్రపోతాను. ఇక్కడ నేను అరగదీసిన ఆ రబ్బరు పెదవులు తెరుచుకున్న ప్రతిసారీ నీళ్ల మీద బుడగల గుత్తి పైకొస్తోంది. ఒక గుత్తి, కాసేపు ఏమీ లేదు, మళ్లీ ఒక గుత్తి. ఆ ఏమీ లేని కాసేపు నేనూ ఊపిరి తీసుకోలేదు. ఒకసారి చాలాసేపు రాలేదు. తాడు లాగబోయాను. అంతలో బావి అవతలి మూల బుడగలు కనిపించాయి, రాతి అంచు కింద దూరినట్టున్నాడు. నా పక్కకు ఎవరో వచ్చి నిలబడ్డారు. చూస్తే నరసింహులు. "గాలి వస్తాండాదాక్కా?" అని అడిగాడు. "వస్తాండాది, చూడు" అన్నాను. ఇద్దరం నీళ్ల మీదే కళ్లు పెట్టి నిలబడ్డాం.

చివరికి తాడు వరసగా కదిలింది. నేను లాగుతుంటే ఓబులేసన్న మెట్ల దగ్గర తేలాడు. చేతులు ఖాళీ. గుంపులో అందరూ ఒక్కసారిగా ఉసూరుమన్నారు. ఆయన ఆ ఊసే పట్టనట్టు మెట్టు మీద కూర్చుని, నోట్లోది తీసి, మణికట్టుకు చుట్టుకున్న సన్నటి తాడు విప్పి తమ్ముడి వైపు చాచాడు.

"పట్టుకో. సామిని కట్టినా. లాగు."

నరసింహులు వెనక్కి జరిగాడు. "నేను ముట్టనన్నా. నువ్వే లాగు."

"నీ చేతిలోంచి పాయ. నీ చేతికే రావాల."

"మళ్లీ జారితే?"

"జారితే మళ్లీ దిగుతా. గాలి ఇంకా శానా ఉండాది."

నేను మెట్లు దిగి ఆయన వెనక నిలబడి ఉన్నాను. గేజీ నా కళ్ల ముందే ఉంది. ముల్లు సున్నాకు పడిపోయి ఉంది. చివరి నాలుగు ఊపిర్లు ఎంత కష్టంగా వచ్చి ఉంటాయో ఆయనకు తెలియకపోదు. నేను కొంగుతో గేజీ తుడుస్తున్నట్టు దాన్ని మూసి పట్టుకున్నాను.

నరసింహులు తాడు అందుకున్నాడు. జానెడు జానెడుగా లాగాడు, ప్రతిసారీ తాడును అరచేతికి ఒక చుట్టు చుట్టుకుంటూ. నీళ్ల అడుగున పచ్చగా ఏదో మెరిసింది. ఇత్తడి వేళ్లు నీళ్లలోంచి బయటికొచ్చాక, మెట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని, పీరును రొమ్ముకు అదుముకుని గట్టిగా ఏడ్చాడు. ఎవరూ ఆపలేదు. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

ఇంతకాలం ఈ పని చేసి, సామాను బాగైతే పని అయిపోయినట్టే అనుకునేదాన్ని. ఆ రోజు నీళ్లలోకి దిగింది నేనైతే, పీరును రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, ఊరందరికీ చూపిస్తూ బయటికి వచ్చేదాన్ని. ఆ తమ్ముడు మాత్రం గట్టు మీదే ఉండిపోయేవాడు.